మావయ్య చెప్పిన హాంకాంగ్ పోలీసులు

పోయిన ఆదివారం మా అమ్మాయి ఫోన్‌లో నా చిన్నప్పటి హాంకాంగ్ పోలీసు సినిమా ఒకటి పట్టుకొచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఈ మధ్య సాయంత్రమైతే రంగూన్‌లో మా సంచౌంగ్ పేట వీధులు ఖాళీ. సైన్యం లారీ చప్పుడు వినబడితే చాలు, కిటికీలు వేసేస్తాం. ఇక సినిమాలే దిక్కు. తెర మీద ఇన్‌స్పెక్టర్ తుపాకీ ఎత్తగానే, నా నోటికి అలవాటైన డైలాగు దానంతటదే వచ్చేసింది: ‘సేతులెత్తినోడ్ని పోలీసోడు కాల్సడు. అది దరమం.’ మా అమ్మాయి నవ్వి, ‘అమ్మా, అతనా మాట అన్లేదు. కింద సదువు’ అంది. కింద బర్మా అక్షరాల్లో, ‘మా ఆవిడకి ఫోన్ చేసి భోజనానికి రాలేనని చెప్పు’ అని ఉంది. అమ్మాయి నవ్వుతూనే ఉంది. నేను మాత్రం ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఆ డైలాగు మా మావయ్యది. అమ్మకి తమ్ముడు, అహ్లోన్ రేవులో క్రేన్ నడిపేవాడు. దేశం తలుపులు బిగించుకుని కూర్చున్న రోజులవి. బయటి నుంచి సబ్బుబిళ్ల వచ్చినా వీధంతా చెప్పుకునేవారు. మావయ్య ఓడవాళ్ల దగ్గర వీడియో టేపులు సంపాదించేవాడు. అవన్నీ హాంకాంగ్ వాళ్ల కాంటనీస్ భాషలో ఉండేవి, కింద అక్షరం ముక్క ఉండేది కాదు. అందుకని మా తెలుగువాళ్లలో వీడియో ఉన్న ప్రతి ఇంట్లోనూ కథ చెప్పే మనిషి ఒకడుండేవాడు. మావయ్య టీవీ పక్కన మా వైపు తిరిగి కూర్చుని, గొడుగుతో బొమ్మని చూపిస్తూ, అందరి మాటలూ తానే చెప్పుకుపోయేవాడు. ఆయనకి వచ్చిన కాంటనీస్ మొత్తం నాలుగు తిట్లు. ఆయన నోట ఆ ఇన్‌స్పెక్టర్, నిన్ననే శ్రీకాకుళం నుంచి దిగినవాడిలా మాట్లాడేవాడు. మధ్యాహ్నం పూట తలుపులు మూసుకుని, ఇరవైమందిమి చెమటలు కక్కుతూ చూసేవాళ్లం.

ఏముండేది ఆ సినిమాల్లో అంటే, దెబ్బ నిజం. మేడ మీంచి దూకితే మనిషి నిజంగానే దూకేవాడు. అద్దం పగిలితే మేం కాళ్లు దగ్గరికి లాక్కునేవాళ్లం. అంతకంటే ముఖ్యం, ఒక మామూలు పోలీసు పైఅధికారి బల్ల మీద బ్యాడ్జీ విసిరికొట్టి, క్షేమంగా ఇంటికెళ్లి అన్నం తినేవాడు. పోలీసు మాట ఎత్తాలంటే రేడియో గొంతు పెంచాల్సిన మాకు అది చూస్తే కడుపు నిండేది. లోపాలు లేవని కాదు. కథకి తలా తోకా ఉండేది కాదు. ఆడపిల్లకి కెవ్వుమనడం తప్ప పని లేదు. స్టేషన్‌లో దొంగని బాదుతూ నవ్వించేవారు. మేమూ నవ్వాం, తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. తరుముకుంటూ సంతంతా తొక్కేసి పోయేవారు, కూరల బండి బోర్లాపడ్డ ముసలమ్మని మళ్లీ చూపించేవారు కాదు. చచ్చిపోయినవాడి కోసం ఏడుపు అరనిమిషం, ఆ తర్వాత మళ్లీ కార్లే.

ఈ లోపాలన్నీ పట్టుకున్నది మా పిన్ని. అమ్మావాళ్లలో ఆఖరిది, అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లది, కుట్టుపని చేసేది. ఆ ముసలమ్మ ఏమైందని సినిమా మధ్యలో అడిగి మావయ్యని ఇరుకున పెట్టేది. ముద్దుల చెల్లెలు అడిగితే కాదనలేక, ఆయన అప్పటికప్పుడు ముసలమ్మకి కొత్త బండి కొనిపెట్టేవాడు. కథ ఎన్నిసార్లు మార్చినా, చేతులెత్తినవాణ్ణి కాల్చరన్న మాట మాత్రం ప్రతి సినిమాలోనూ ఉండేది. చెప్పి చెప్పి అది ఆయనే నమ్మేశాడు.

ఎనభై ఎనిమిది వానాకాలంలో, సైన్యం పాలన పోవాలని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వాళ్ల వెనక రేవు కూలీలు, నర్సులు. మా వీధి చివర చెట్లు నరికి అడ్డం పడేశారు. దుకాణాలు మూసేశారు, కుక్కలు కూడా ఇళ్లలోకి దూరాయి. ఒక పొద్దున పిన్ని ఊరేగింపుకి తయారైతే, అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పిన్ని మావయ్య వైపు తిరిగింది.

‘అన్నా, ఆల్లు తుపాకీ ఎత్తితే ఏటి సెయ్యాల?’

‘పరిగెట్టకు. పరిగెట్టినోల్లనే కాలుస్తారు. సేతులెత్తి నిలబడిపో.’

ఆయన అంత ధీమాగా చెప్పేసరికి అమ్మ పక్కకి తప్పుకుంది. నాకూ భయం పోయింది.

మధ్యాహ్నం చప్పుడు వినబడింది. టేపుల్లో వినే చప్పుడు కాదు, పొడిగా, చిన్నగా ఉంది. గాల్లోకి కాలుస్తున్నారు అన్నాడు మావయ్య. రెండోసారి వినబడినప్పుడు లేచి గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు. పిన్నితో కలిసి కుట్టే అమ్మాయి చెప్పులు లేకుండా వచ్చి చెప్పింది. అందరూ సందుల్లోకి పరిగెత్తారట. పిన్ని ఒక్కర్తే నడిరోడ్డు మీద రెండు చేతులూ ఎత్తి నిలబడిందట. ఎంత పిలిచినా కదల్లేదట. మాకు శవం కూడా ఇవ్వలేదు.

వీడియో మీద దుప్పటి పడింది. మావయ్య మాటలే తగ్గిపోయాయి. ఉప్పు కావాలన్నా చెయ్యి చాపేవాడు. ముసలితనంలో నా దగ్గరే ఉన్నాడు. అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి అడిగేవాడు: ‘నాను సెప్పకపోతే పరిగెట్టీదేమోనే?’ పరిగెత్తినవాళ్లు కూడా పడిపోయారు మావయ్యా, అనేదాన్ని. అది నిజమే. కానీ ఆ కుట్టుపని అమ్మాయి పరిగెత్తింది, బతికింది, మనవల్ని ఎత్తుకుంది. ఆమె బజారులో ఎదురైతే ఆయన తల దించుకుని తప్పుకునేవాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఏళ్లు గడిస్తే ఆయనకి చెప్పడానికి ఇంతకన్నా మంచి జవాబు దొరుకుతుందనుకున్నాను, ఏళ్లయితే గడిచాయి.