బావ బిగించాల్సిన కంప్యూటర్

విజయవాడ వెళ్ళి విడిభాగాలు కొనుక్కొచ్చి సొంతంగా కంప్యూటర్ తయారుచేసుకోవడం ఎలాగో రాసిపెట్టమని మా కాలేజీలో నలుగురైదుగురు అడిగారు. ఏ బస్సు ఎక్కాలి, ఏ పార్టు దగ్గర పొదుపు చెయ్యొచ్చు, ఏ పార్టు దగ్గర చెయ్యకూడదు, అన్నీ కావాలట. రాస్తాను. కంప్యూటర్ ఎలా ఉందని మాత్రం అడక్కండి. అది బ్రహ్మాండంగా ఉంది. నా బాధ దాంతో కాదు.

నేను అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. పాఠాలు వీడియో తీసి పిల్లలకు పంపడం మొదలుపెట్టాక నా పాత ల్యాప్‌టాప్ మూలగడం మొదలుపెట్టింది. ఒక్క పాఠం తయారుచెయ్యడానికి అది తీసుకునే సమయంలో నేను స్నానం చేసి, భోంచేసి, ఒక కునుకు కూడా తీసేవాణ్ణి. డెస్క్‌టాప్ కొందామనుకుంటున్నానని ఒకసారి కొత్తపేటలో మా అక్క ఇంట్లో అన్నాను. అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న మా బావగారు సూర్యనారాయణగారు దాన్ని మడిచి పక్కన పెట్టారు.

"కొనడం దేనికి మూర్తీ? పార్టులు తెచ్చుకుంటే మనమే బిగించుకోవచ్చు" అన్నారు.

బావగారికి కొత్తపేట సెంటర్లో ముప్పయ్యేళ్ళపాటు రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది. గోడకి తగిలించే పల్చటి టీవీలు వచ్చాక బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. పార్టు మార్చడం కన్నా టీవీ మార్చడమే సులువైపోయింది. షాపు మూసేసిన చోట ఇప్పుడు కర్రీ పాయింటు నడుస్తోంది. ఆయన ఉన్న కాస్త కొబ్బరి తోటా చూసుకుంటూ, మిగతా రోజంతా ఏం చెయ్యాలో తోచక ఇంట్లో సవ్యంగా ఉన్న ఫ్యాన్లు విప్పుతుంటారు. ఖాళీగా ఉన్న ఆ చేతుల్ని చూడలేకపోతున్నానని అక్క నాతో చాలాసార్లు అంది.

ఆ రోజు నుంచి కొన్ని నెలలపాటు ఇద్దరం ఫోన్లలో వీడియోలు చూశాం. ఆయన పాతసామాన్ల కొట్లో పాడైపోయిన మదర్‌బోర్డు ఒకటి తూకానికి కొనుక్కొచ్చి, దాని మీద ప్రాసెసర్ తీయడం, పెట్టడం సాధన చేశారు. కళ్ళజోడు మార్పించుకున్నారు. మొదటి స్క్రూ దగ్గర్నుంచి తన చేత్తో ఒక కొత్త వస్తువు తయారుచెయ్యాలని ఎప్పట్నుంచో ఉందనీ, ఆ యోగం ఇంతవరకు పట్టలేదనీ ఒకరోజు ఫోన్లో చెప్పారు. ఆయన తన కోరిక గురించి మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే.

మేం అనుకున్నది ఇది. ఇద్దరం విజయవాడ వెళ్ళి పార్టులు కొని, పెట్టెలు పెట్టెలుగానే కొత్తపేటలో దింపేస్తాం. ఆయన తీరుబడిగా బిగిస్తారు. నేను ఆదివారం వెళ్ళి తెచ్చుకుంటాను. ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు కదా అంటే, వంకాయలే పుచ్చు చూసి ఏరుకుంటాం, ఇవి చూడకుండా ఎలా కొంటామని బావగారు దెబ్బలాడారు. సరేనని సెలవు పెట్టాను.

ఒక శుక్రవారం పొద్దున్న ఐదున్నరకి అమలాపురం బస్టాండులో విజయవాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకి టిక్కెట్టు లేకపోవడంతో బస్సు అప్పటికే ముప్పాతిక నిండింది. మగవాళ్ళు వెనక చక్రం మీద సీటుకి సిద్ధపడి వెళ్ళడం మంచిది. బావగారు కొత్తపేటలో ఎక్కారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టున్నారు. ఆ మాటే అన్నాను. చూసుకోవడానికే కదా వెళ్తున్నాం అని నవ్వారు.

రావులపాలెంలో ఆత్రేయపురం ఆవిడ ఒకామె ఎక్కి మా పక్క వరసలో కూర్చుంది. ఒళ్ళో పూతరేకుల అట్టపెట్టెలు, ఏలూరులో కూతురింటికి ప్రయాణం. సిద్ధాంతం వంతెన దాటేలోపే మేమెవరమో, ఎక్కడికి వెళ్తున్నామో, ఎందుకు వెళ్తున్నామో మొత్తం తెలుసుకుంది. తణుకు రాకముందే ఒక పెట్టె విప్పి బావగారికి పూతరేకు ఇవ్వబోయింది. ఆయన వద్దండీ అన్నారు. నిజంగానే వద్దు, ఆయనకి షుగరు. ఆవిడ మళ్ళీ ఇచ్చింది, ఈయన మళ్ళీ వద్దన్నారు. మూడోసారి "మా చేతి వంట పనికిరాదాండీ?" అనేసరికి పుచ్చుకుని తినేశారు.

మా వైపు వద్దనడమంటే ఒప్పుకోవడంలో మొదటి మెట్టు. అడగ్గానే తీసుకున్నవాణ్ణి ఆబగాడంటారు. వద్దన్నాడు కదా అని ఊరుకున్నవాణ్ణి పెట్టే చెయ్యి లేనివాడంటారు. షుగరున్నవాళ్ళు ఈ రెంటి మధ్యా నలగాల్సిందే. అప్పుడు నేను పకపకా నవ్వాను.

తాడేపల్లిగూడెం బస్టాండులో టిఫిన్లకి ఆపారు. ఇడ్లీ ఫర్వాలేదు, చట్నీ మాత్రం నీళ్ళే. పదిన్నర దాటాక విజయవాడలో దిగి, ఆటోలో గవర్నరుపేట వెళ్ళాం. కంప్యూటర్ షాపులు ఒకేచోట బోలెడున్నాయి. మొదటిదాంట్లో పార్టులు విడివిడిగా చూపించమంటే సేల్స్‌మన్ విసుక్కుని, మీ బడ్జెట్ చెప్పండి చాలన్నాడు. రెండోదాంట్లో కంప్యూటర్ పార్టులు బిగించే డబ్బాల నిండా రంగురంగుల లైట్లు మెరుస్తున్నాయి. బావగారు వాటిని కాసేపు చూసి, అమ్మవారి తీర్థంలో ఊరేగించడానికి బాగుంటాయని నా చెవిలో అన్నారు.

మూడో షాపు చిన్నది. యజమాని ప్రసాదుగారికి నలభై ఐదేళ్ళుంటాయి. ఆయన ఏదో అడిగితే బావగారు అవునన్నదానికి మా వైపు తీరులో "ఆయ్" అన్నారు. ఆ మాటకి ఆయన టక్కున తలెత్తి, మీదెక్కడండీ అని అడిగాడు. వాళ్ళమ్మగారిది ముమ్మిడివరం పక్క పల్లె. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిపాడట. ఇంకేముంది, కుర్చీలు వచ్చాయి, టీలు వచ్చాయి, అడగని పెట్టెలు కూడా విప్పి చూపించాడు.

వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని ఏం కొన్నామో చెబుతాను. ఆటలు ఆడేవాళ్ళకి తప్ప విడిగా గ్రాఫిక్స్ కార్డు వెంటనే అక్కర్లేదు, బొమ్మ చూపించే పని తనే చేసుకునే ప్రాసెసర్ తీసుకుంటే సరిపోతుంది. అన్ని ప్రాసెసర్లకీ ఆ గుణం ఉండదు, అడిగి మరీ తీసుకోవాలి. మదర్‌బోర్డు మరీ నాసిది వద్దు, తర్వాత ర్యామ్ పెంచుకోవడానికి ఖాళీ గళ్ళు ఉండాలి. ర్యామ్ ధర మేం మొదట చూసినప్పటికన్నా బాగా పెరిగిపోయి నా గుండె జారింది. బావగారు పట్టుబట్టింది పవర్ సప్లై దగ్గర. మా వైపు రొయ్యల చెరువుల మోటార్లన్నీ ఒకేసారి ఆడితే కరెంటు ఎలా ఊగుతుందో ఆయనకి తెలుసు. మిగతా ఎక్కడ పిసినారితనం చేసినా ఇక్కడ చెయ్యొద్దన్నారు. డబ్బాకి డీవీడీ పెట్టుకునే చోటుండాలని కూడా పట్టుబట్టారు గానీ, అలాంటివి ఇప్పుడు రావడం లేదని ప్రసాదుగారు నవ్వాక వదిలేశారు.

ప్రాసెసర్ పెట్టెని మాత్రం ఆయన బల్ల మీద పెట్టనివ్వలేదు. గుమ్మం దగ్గర వెలుతుర్లోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశారు. విప్పి చూడమన్నాను. ఇంటికెళ్ళాక విప్పుతానన్నారు.

ఒంటిగంటకి బిల్లు అయిపోయింది. పెట్టెలన్నీ ఒక అట్టపెట్టెలో సర్దమని అడిగేలోపు ప్రసాదుగారు తన దగ్గర పనిచేసే టెక్నీషియన్ని పిలిచాడు. మేం భోంచేసి వచ్చేలోగా అంతా బిగించి, సాఫ్ట్‌వేర్లు కూడా ఎక్కించి ఇచ్చేస్తానన్నాడు. మామూలుగా దీనికి డబ్బు తీసుకుంటారు.

"వద్దండీ, మీకెందుకండీ శ్రమ. మేం చూసుకుంటామండి" అన్నారు బావగారు.

"శ్రమేంటండీ. మనోళ్ళ దగ్గర డబ్బులు తీసుకుంటానేంటండీ నేను?"

డబ్బు సంగతి కాదండీ అని బావగారు మళ్ళీ వద్దన్నారు. అలాగనకండీ, మా అమ్మకి తెలిస్తే తిడుతుందండీ అని ప్రసాదుగారు మళ్ళీ అన్నాడు. ఆయన ముఖంలో ఎంత సంతోషం ఉందంటే, చిన్నప్పటి సెలవుల రుణం తీర్చుకుంటున్నట్టు ఉన్నాడు. బావగారు మూడోసారి కూడా వద్దన్నారు, కాస్త మెల్లగా. అని నా వైపు చూశారు.

ఆ చూపు నాకు అర్థమైంది. కంప్యూటర్ నాది, డబ్బు నాది. ఈయనే స్వయంగా బిగించుకోవాలని ముచ్చట పడుతున్నారండీ, అలాగే ఇచ్చెయ్యండి అని నేను ఒక్కమాట అంటే సరిపోయేది. అందులో ఎవరినీ అవమానించేది ఏమీ లేదు. కానీ అంత ఆప్యాయంగా అడుగుతున్న మనిషి ముఖం చిన్నబోతుందేమో, వాళ్ళ టెక్నీషియన్ మీద నమ్మకం లేదనుకుంటాడేమో అని, పళ్ళికిలించి నిలబడ్డాను. "సరే, మీ ఇష్టమండి" అన్నారు బావగారు.

భోజనానికి ప్రసాదుగారు తనకి తెలిసిన మెస్సుకి మనిషినిచ్చి పంపాడు. మా దగ్గర డబ్బు తీసుకోవద్దని ముందే ఫోన్ చేశాడు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, గుత్తి వంకాయ. చెయ్యి అడ్డం పెట్టినా ఆగకుండా వడ్డించారు. బావగారు అన్నం కలుపుతున్నారే గానీ ముద్ద ఎత్తడం లేదు. షాపు అక్కడికి రెండు సందుల అవతల. వాళ్ళింకా పెట్టెలు విప్పుతూ ఉండి ఉంటారు.

"వెళ్ళి ఆపనా బావగారూ?" అన్నాను.

"వద్దులే మూర్తీ. అంత ప్రేమగా చేస్తుంటే ఏం బావుంటుంది?"

నేను కూర్చుండిపోయాను. మా వైపు వద్దంటే ఏమిటో పొద్దున్నే అంత తెలివిగా నవ్వుకున్నవాణ్ణి. పూతరేకు తినమని మూడుసార్లు బతిమాలిన ఆవిడకున్న పాటి జ్ఞానం నాకు లేకపోయింది. పుట్టి బుద్ధెరిగాక వద్దన్న మాటని వద్దన్నట్టే తీసుకున్నది నేను ఆ ఒక్కసారే. పెరుగు కూడా వేయించుకున్నాను.

తిరిగొచ్చేసరికి బల్ల మీద కంప్యూటర్ వెలుగుతోంది. టెక్నీషియన్ వైర్లన్నీ ఒద్దికగా వెనక్కి కట్టేశాడు. బావగారు వంగి, పక్క అద్దంలోంచి లోపలికి చాలాసేపు చూశారు. చాలా నీటుగా బిగించేడండి అని మెచ్చుకున్నారు. అబద్ధం కాదు, పని తెలిసినవాడి పనే అది. ప్రసాదుగారికి ఏం తోచిందో, దాన్ని ఒకసారి ఆపించి, "మీ చేత్తో ఆన్ చెయ్యండి బావగారూ" అన్నాడు. బావగారు వేలు పెట్టి నొక్కారు. అది లేచింది. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు.

మూడు గంటల అమలాపురం బస్సు దొరికింది. డబ్బాని దాని అట్టపెట్టెలోనే పెట్టి తాడు కట్టించుకుంటే కాళ్ళ దగ్గర పట్టుకుని కూర్చోవచ్చు. డిక్కీలో పడెయ్యనివ్వకండి. కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు. ఏలూరులో ఎక్కిన రొయ్యల రైతు ఒకాయన పెట్టె మీది బొమ్మ చూసి, ఈ మధ్య జనం ఇలాంటివి ఇంట్లోనే చేసుకుంటున్నారని విన్నానే, మీరే చేసుకున్నారాండీ అని అడిగాడు.

"లేదండి, కొన్నామండి" అన్నారు బావగారు. నేను రెండుమూడుసార్లు ఏదో మొదలుపెట్టి మానేశాను. సిద్ధాంతం వంతెన మీద బస్సు నెమ్మదిగా వెళ్తుంటే గోదావరి కేసి చూస్తూ, సరుకు మాత్రం మంచిది దొరికిందని అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్నారని తెలిసి మరింత సిగ్గుపడ్డాను.

కొత్తపేటలో దిగేసరికి రాత్రి ఎనిమిదైంది. అట్టపెట్టె ఇద్దరం చెరో వైపు పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్ళాం. ముందుగదిలో అక్క భోజనాల బల్లని ట్యూబులైటు కిందకి జరిపి, మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిచి ఉంచింది. స్క్రూలు పోసుకోవడానికి నాలుగు చిన్న స్టీలు గిన్నెలు తుడిచి వరసగా పెట్టింది. కుర్చీ మీద దిండు వేసింది. అన్ని పార్టులకీ ఒక్కటే పెట్టె రావడం చూసి, మిగతావి ఆటోలో ఉన్నాయా అని అడిగింది.

"అయిపోయిందే. వాళ్ళే బిగించి ఇచ్చేరు" అన్నారు బావగారు.

నాకు ఉండబట్టలేదు. తాడు విప్పేస్తూ, ఇక్కడే మొత్తం ఊడదీసేద్దాం, మళ్ళీ మీరే బిగిద్దురుగాని, ఎన్ని రోజులైనా ఫర్వాలేదు అన్నాను. ఈసారి వద్దంటే ఊరుకోకూడదని అనుకున్నాను. రెండుసార్లు అడిగాను, మూడుసార్లు అడిగాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "విప్పి బిగిస్తే దాన్ని రిపేరంటారు మూర్తీ. అది ముప్పయ్యేళ్ళు చేసేను" అన్నారు.

ఆయన గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి అక్క చేతికిచ్చారు. దుప్పటి నాలుగు మడతలు పెట్టారు. అక్క నా కేసి చూసి, తినేసి వెళ్ళమంది. వద్దన్నాను. ఆ వద్దునైనా తను వినిపించుకోకుండా కంచం పెట్టింది.

భోజనమయ్యాక పెట్టె తీసుకుని అమలాపురం బస్సెక్కాను. వెళ్ళేవాళ్ళు నిశ్చింతగా వెళ్ళండి. బస్సులు వేళకి దొరుకుతాయి, ఒక్క రోజులో పని అయిపోతుంది, సరుకు మంచిది, భోజనం మంచిది. మాకు దారిపొడుగునా తగిలిన మనుషులు మరీ మంచివాళ్ళు. వాళ్ళలో మొహమాటం లేనివాడు ఒక్కడున్నా బావగారు ఆ రాత్రి ఆ బల్ల ముందు కూర్చుని ఉండేవారు. ఆ ఒక్కడూ నేనై ఉండాల్సింది.