పైకప్పుకు గాలి

ఒక శ్రావణ శుక్రవారం మా అనకాపల్లి ఇంట్లో ముత్తయిదువలను కుడుముల్లా ఉడికించిన ఘనుణ్ణి నేనే. అప్పటికి రిటైరై ఏడాది. పేరంటం రోజు పొద్దున్నే హాలులో ఫ్యాను ఆగిపోయింది. మెకానిక్‌ను పిలవమంది మా ఆవిడ. ఫ్యాన్ల మరమ్మతు పుస్తకాన్ని పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ రెండుసార్లు చదివినవాణ్ణి, పరాయివాడి చేత స్క్రూ తిప్పించుకుంటానా, మీరే చెప్పండి.

నక్కపల్లి నుంచి వచ్చిన మా బావమరిది సూరిబాబుది వేరే సిద్ధాంతం. ఏ వస్తువునైనా ముందు విప్పుతాడు, తరవాత అదేమిటని అడుగుతాడు. నేను కళ్లజోడు తుడుచుకునేలోగా ఫ్యాను ఆపరేషన్‌కు సిద్ధమైన రోగిలా మంచం మీద పడుకుని ఉంది.

కండెన్సర్ పోయిందని ఇద్దరం ఒప్పుకుని కొత్తది తెచ్చాం. పుస్తకంలో తీగలు మూడు రంగుల్లో ఉన్నాయి. మా ఫ్యానువి మూడూ జిడ్డు రంగే. నేను పేజీలు తిరగేస్తుంటే సూరిబాబు విసుక్కున్నాడు.

"పుస్తకం రాసినోడు మనింటికొచ్చి ఈ ఫేను సూసేడేటి బావా? ఏదోలాగ కలిపీ. తిరిగితే అయిపోయినట్టే."

కలిపి, బిగించాం. ఊడి నెత్తిన పడుతుందేమోనని ఇద్దరికీ లోపల భయం. అందుకని స్విచ్ వేసీ వేయగానే వరండాలోకి దూకి, గుమ్మంలోంచి తొంగిచూశాం. గిర్రున తిరిగింది. 'మరమ్మతు పూర్తి, ఫలితం తృప్తికరం' అని డైరీలో రాసేశాను.

సాయంత్రం ముత్తయిదువలు చాపల మీద కూర్చున్నారు. ఫ్యాను జోరుగా తిరుగుతోంది. కాసేపటికి ఒకావిడ చెంగుతో విసురుకుంది. ఇంకొకావిడ బొట్టు ముక్కు మీదికి జారింది. మర్యాదస్తులు, ఎవరూ ఏమీ అనలేదు. ఇంతలో పైకప్పుకు పట్టిన బూజు కదిలి, వాయనానికి నానబెట్టిన శనగల్లో రాలింది.

మా ఆవిడ తలెత్తి చూసి, తాపీగా నా వైపు తిరిగింది.

"గాలంతా పైకెళ్తంది. మేడ మీద ఎవరికేటండీ అంత ఉక్కపోత్తంది?"

తీగలు తారుమారై ఫ్యాను వెనక్కి తిరుగుతోంది. "సీలింగు సల్లగా ఉంటాది కదప్పా" అని సూరిబాబు వాళ్లక్కతో గొణిగాడు. అప్ప నవ్వలేదు.

పేరంటం వరండాలోకి మారింది. వాయనంలో శనగల బదులు అరటిపళ్లు వెళ్లాయి. మా ఇద్దరికీ ఆ ఫ్యాను కిందే కూర్చుని శనగల్లో బూజు ఏరే శిక్ష పడింది.

చెమటలు కారుతుండగా అక్కడే గంభీరంగా ప్రమాణం చేశాను. నేను బాగుచేసిన ఫ్యానును ఇక ఎన్నటికీ దూరం నుంచి చూసి సరిపెట్టుకోను. కింద ఒక మనిషిని కూర్చోబెట్టి, గాలి తగులుతోందని అతను చెప్పాకే ఒప్పుకుంటాను. ఆ మనిషి సూరిబాబు.