ఇంజను జామైందని నేనిచ్చిన తీర్పు

ఆ రోజుల్లో మనకు ఏం తెలుసన్నది ఎవరూ అడిగేవారు కాదు, ఎంత గట్టిగా చెప్పామన్నదే చూసేవారు. నాకప్పటికి నలభై దాటాయి, ఇప్పటి కళ్లతో చూస్తే కుర్రవాణ్ణే. చేతికి సెల్‌ఫోను కొత్తగా వచ్చింది. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా ఏ ట్రాక్టరు మొరాయించినా ముందు నాకే ఫోను వచ్చేది, ఇంజను చప్పుడు ఫోన్లో విని రోగం చెప్పేవాణ్ణి. (అబద్ధం. నేను రైస్‌మిల్లులో లారీలకు చిట్టీలు రాసిచ్చే గుమాస్తాని. పక్కనున్న మెకానిక్ షెడ్డు ముందు చాయ్ తాగుతూ నాలుగు మాటలు పట్టుకున్నాను, అంతే. నా నంబరు ఇద్దరికే తెలుసు.)

ఈ కోతలు పెన్‌పహాడ్ దగ్గర మా అక్క ఊరిదాకా పాకాయి. మోసుకుపోయింది నేనే. బావ పోయి రెండేళ్లయింది. బత్తాయి చెట్ల వరసల మధ్య దున్నడానికి ఆయన కొన్న చిన్న ట్రాక్టరు అప్పట్నుంచీ రేకుల పాకలోనే నిలబడి ఉంది. సూర్యాపేటలో నౌకరీ చేసే మేనల్లుడు దాన్ని పాత ఇనుము వాళ్లకు అమ్మడానికి మాట్లాడేశాడు. అక్క మాత్రం, "మీ మామ వచ్చి సూసి, ఇది పనికిరాదంటే తీస్కపోండ్రి. అప్పటిదాంక ఎవ్వడు చెయ్యి పెట్టొద్దు" అందట. అట్లా ఆ ట్రాక్టరు ప్రాణం నా నోట్లో పడింది.

ఆదివారం పొద్దున పోయాను. బానెట్‌కు చెవి ఆనించి, కళ్లు మూసుకొని చాలాసేపు విన్నాను. (ఆగిపోయిన ఇంజనులో ఏం వినపడుతుంది? ఎలుక తిరుగుతున్న చప్పుడు.) తరవాత చొక్కా చేతులు మడిచి, ముందున్న బొక్కలో హ్యాండిలు దూర్చి తిప్పాను. బెత్తెడు కదిలి, లోపలినుంచి ఎవరో పట్టుకున్నట్టు ఆగింది. మళ్లీ తిప్పితే ఎదురు తన్నింది.

"జాం అయింది," అన్నాను. షెడ్డు దగ్గర విన్నవాటిలో అంతకంటే బరువైన మాట నా దగ్గర లేదు.

"మొత్తానికేనా, మామా?" అన్నాడు అల్లుడు.

"పిస్టను పట్టేసింది. ఇగ ఖతం."

పాత ఇనుము వాళ్లకు ఫోను చెయ్యడానికి వాడు సిగ్నలు కోసం గట్టెక్కాడు. అక్క కొంగుతో సీటు తుడిచింది. రోజూ తుడుస్తున్నట్టుంది, దుమ్మేమీ లేదు. అది చూశాక నా మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. కానీ తీసుకోవాలంటే నాకేమీ తెలియదని చెప్పాలి కదా.

"ఇంకొక్కసారి తిప్పు తమ్మీ."

"జాం అయిందంటే ఇనవేందక్కా?"

"ఇన్న. తిప్పు."

బలమంతా పెట్టి తిప్పాను. అక్క చెయ్యి తనంతట తానే పోయినట్టు ఇంజను నెత్తిమీదున్న చిన్న మీటను ఎత్తి పట్టింది. హ్యాండిలు గిర్రున తిరిగింది, దాంతోపాటు నేనూ తిరిగి ఎరువుకుప్పలో కూర్చున్నాను. పొగగొట్టంలోంచి ఫుస్సుమని ఎలుక పేర్చుకున్న పీలికలన్నీ ఎగిరి నా నెత్తిన పడ్డాయి.

"మీ బావ తిప్పుతుంటే గీ మీట నేనే పట్టుకుంటుంటి," అంది అక్క. "దమ్ము బిగబట్టుకుంటదిరా. జర ఇడిపియ్యాలె. మీ మిర్యాలగూడల ఎత్తరా?"

"ఎత్తుతరు," అన్నాను, కూర్చున్న చోటినుంచే.

అల్లుడు పరుగెత్తుకొచ్చాడు. "తిరిగిందా మామా?"

నేను నోరు తెరిచేలోపే అక్క అంది: "మీ మామ కదిలిచ్చిండు. వాళ్లను రావద్దని చెప్పు."

ఆ రోజు అది స్టార్టు కాలేదు. అసలు మెకానిక్కుకు ఎండాకాలమంతా పట్టింది. తొలకరికి మాత్రం బత్తాయి వరసల మధ్య దున్నింది. దాన్ని లేపింది నేనేనని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. (చెప్పుకునేది నేనే.) నా కథలో మీట ఎత్తేదీ నేనే. అక్క బతికున్నన్నాళ్లూ ఎదురుగా కూర్చుని వినేది, ఆ చోటికి రాగానే కొత్తగా విన్నట్టు "అట్లనా!" అనేది. నలుగురి ముందు ఒక్కసారైనా కాదనలేదు.

ఇప్పుడు ఆ చోట అట్లా అనేవాళ్లు లేరు. చెప్తుంటే నాకే నవ్వొచ్చి ఆగిపోతున్నాను. అందుకే ఈసారి మీట ఆమె చేతికే ఇచ్చి రాశాను.