సున్నం కింద సముద్రం

మొన్న పొద్దున్నే మా కోడలు ఫోను పట్టుకొచ్చి నా ముక్కు కింద పెట్టింది. ముందు వసారాకు కొత్త రంగులు వేయించాలని నెల రోజులుగా దాని తాపత్రయం. "అత్తయ్యా, ఈ రంగు చూడండి. డీప్ ఓషన్ అంట. నడిసముద్రం రంగన్నమాట. గోడంతా ఇదే వేయించి, కుండీలకు తెలుపు, ఉయ్యాల దిండ్లకు లేత ఆకుపచ్చ. ఈ ఎండల్లో కళ్ళకు ఎంత చల్లగా ఉంటదో!" అంది. కళ్ళజోడు వెతుక్కుంటానని చెప్పి లోపలికి వచ్చేశాను. కళ్ళజోడు నా మెడలోనే, తాడుకు వేలాడుతూనే ఉంది. పాపం, ఆ పిల్ల ఈ ఇంటికొచ్చి రెండేళ్ళు. వానాకాలంలో ఆ గోడమీద నీలం మరకలు లేస్తే నాచు అనుకుంటుంది. అది నాచు కాదని చెప్పాల్సినదాన్ని నేనే. ఇప్పటికి చెప్పలేదు.

మా వసారా అంటే పెద్ద మేడల్లో ఉండే వసారా కాదు. గేటు దగ్గర్నుంచి గడప దాకా నాపరాళ్ళు పరిచిన జాగా, పైన రేకులు, ఒక పక్క పొడుగాటి గోడ, మిగతా పక్కలన్నీ బయలు. పొద్దున పది దాకా అది మగవాళ్ళది. మా మామగారు మడతమంచం మీద, ఊళ్ళో ఆయన వర్గం వాళ్ళంతా రాళ్ళమీద, చేతుల్లో టీ గ్లాసులు. వాళ్ళు పొలాలకు పోయాక అది మాది. చింతపండు గింజలు తీసినా, మిరపకాయల తొడిమలు తీసినా అక్కడే. వేసవిలో ఆ రాళ్ళమీద కాలు పెడితే అట్టు కాలినట్టు కాలేది. గోడకు ఏటా ఉగాదికి సున్నం. మా ప్రాంతంలో సున్నానికి కరువులేదు, కరువల్లా నీళ్ళకే.

అలాంటి ఇంటికి నా తోడికోడలు బాపట్ల అవతల సముద్రం పక్క ఊరినుంచి వచ్చింది. వాళ్ళవి సరుగుడు తోటలు, వేరుశనగ చేలు. వచ్చిన మూడోరోజు పొద్దున నా పక్కన కూర్చుని, "అక్కా, ఇక్కడ చెవుల్లో ఏమీ వినపడటంలేదు. భయమేస్తంది" అంది. నాకు నవ్వొచ్చింది. పక్కింటి బర్రె అరుస్తోంది, వీధిలో ఆటో అరుస్తోంది, ఏమీ వినపడకపోవడం ఏంది? తరువాత తెలిసింది, పుట్టినప్పట్నుంచీ దాని చెవుల్లో అలల హోరు ఉండేదని. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, సముద్రం చూసినదాన్ని కాను. నాకు తెలిసిన పెద్ద నీళ్ళు సాగర్ కాలవే. అందుకే సముద్రం గురించి అది ఏం చెప్పినా నోరు తెరుచుకుని వినేదాన్ని. "ఒడ్డున ఇసకరంగు అక్కా. మోకాటి లోతులో ఆకుపచ్చ. పడవలు తిరిగే కాడ నీలం. ఇంకా లోపలికి పోతే అది నీలమో నలుపో చెప్పలేం" అనేది, మిరపకాయ తొడిమ గిల్లుతూ. నన్ను అక్క అనడం వరసకే గానీ, మేమిద్దరం అక్కచెల్లెళ్ళకంటే ఎక్కువగానే ఉన్నాం. ఒక కంచంలో తిన్నాం. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, తరువాత చెప్పబోయేదానికి అది కూడా లెక్కలోకి రావాలి.

ఒక ఏడు ఉగాదికి ముందు దానికి ఆ గోడను సముద్రం చేయాలని పుట్టింది. గేటు దగ్గర ఇసకరంగుతో మొదలుపెట్టి, పచ్చ, నీలం, గడప దగ్గరకు వచ్చేసరికి చిక్కటి నడిసముద్రం. పుట్టింటినుంచి సంచెడు గవ్వలు, ఆల్చిప్పలు తెచ్చుకుంది, గోడ అడుగున పొదగడానికి. ఒక పాత చేపల వల కూడా తెచ్చింది, దానిమీదికి మనీప్లాంటు పాకిస్తానంది. అయితే మామగారిని అడక్కుండా ఆ ఇంట్లో మేకు కూడా దిగదు. ఇద్దరం వెళ్ళాం. రంగుల పుస్తకం తెరిచి ఆ ముదురు నీలం మీద వేలు పెట్టి చూపించింది. ఆయనకు అప్పటికి రెండు కళ్ళలోనూ పొరలు. పుస్తకాన్ని కిటికీ వైపు తిప్పి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, "ఇదేందమ్మా, బూడిదలాగా ఉంది. మీరు కూర్చునే జాగానేగా, వేసుకోండి" అన్నాడు. నేను ఆయన మంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా చెవులతో విన్నాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. మా వైపు రంగు అంటే ఉత్త రంగు కాదు. ఏ ఊళ్ళోనైనా రెండు వర్గాలు, రెండు కండువాలు. గేటుకు వేసే రంగు, ట్రాక్టరు ట్రాలీకి వేసే రంగు, పెళ్ళి పందిరి గుడ్డ రంగు కూడా ఎవరో ఒకరు చూసి ఏదో ఒకటి అనుకుంటారు. ఆ ఏడు పంచాయతీ ఎన్నికలు, మామగారు సర్పంచికి నిలబడుతున్నాడు. ఎదుటి వర్గం వాళ్ళు నీలం కండువాలు కప్పుకున్నారు. సముద్రం పక్కనుంచి వచ్చిన పిల్లకు ఇది తెలియదు. నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. మామగారు చూసి ఒప్పుకున్నాడు కదా, ఆయనకు తెలియనిది నాకేం తెలుసు అనుకుని ఊరుకున్నాను. ఆయన పొరల కళ్ళకు నీలం బూడిదగా కనబడిందని నాకు వెలగలేదు. మా పక్క టౌను పేటనుంచి వచ్చిన రంగుల సాయిబుకు మాత్రం ఈ రంగుతో తంటా అని వెలిగింది. డబ్బా మూత తీసి, కలిపే కర్ర పైకెత్తి, "అమ్మా, పెద్దాయనకు చెప్పారా? ఈ పక్క ఊళ్ళల్లో రంగు అడిగి వెయ్యాల. పోయినేడు ఒక గేటుకు మూడుసార్లు రంగు మార్పించారు నా చేత" అన్నాడు. "చెప్పాం భాయ్, నువ్వు వెయ్" అంది నా తోడికోడలు. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు.

మామగారిని కుడికంటి ఆపరేషనుకు పేట తీసుకెళ్ళిన నాలుగు రోజుల్లో సముద్రం అయిపోయింది. చెప్పకూడదు గానీ, అంత అందమైన పని మా ఊళ్ళో నేను చూడలేదు. మధ్యాహ్నం ఎండ రేకుల సందునుంచి పడితే, ఆ గోడ లోపల ఏదో కదులుతున్నట్టు ఉండేది. కుండీలకు నురుగు తెలుపు, వాటి కింద ఆల్చిప్పలు. మామగారికి కొత్త కంటితో మొదట ఇదే కనబడాలని దాని కోరిక. "చూడు అక్కా, మామయ్య గుమ్మంలోనే ఆగిపోతాడు" అంది. ఆగిపోయాడు.

కారు దిగేసరికి పలకరింపుకు ఊరు సగం వచ్చి ఉంది. వచ్చినవాళ్ళు ఎవరూ వసారాలో కూర్చోలేదు. గేటు బయట నిలబడ్డారు. ఆయన నల్లకళ్ళద్దాలు తీసి గోడవంక చూశాడు. వెనకనుంచి ఎవరో, "ఏంది బాబాయ్, ఆపరేషన్ కంటికే అనుకున్నామే, కండువాకు కూడా చేయించావా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు మా ఇంటిని చీల్చింది.

"ఎవుర్నడిగి పూశారమ్మా ఇది?" అన్నాడు మామగారు.

"మిమ్మల్నే మామయ్యా. పుస్తకం చూపించాగా. వేసుకోమన్నారుగా."

"నేను చూసింది బూడిద."

"అదే ఇది మామయ్యా."

ఆయన అరచేత్తో కొత్త కన్ను మూసుకుని పాత కంటితో గోడను చూశాడు. తరువాత పాతది మూసి కొత్తదానితో చూశాడు. నేను ఎదురుగానే ఉన్నాను, ఆయన ముఖం మారడం చూశాను. ఆయనకు అర్థమైంది. ఆ పిల్ల అబద్ధం చెప్పడంలేదని ఆ వాకిట్లో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. కానీ గేటు బయట అంతమంది ఉన్నారు. నావైపు తిరిగి, "పెద్దమ్మాయ్, నువ్వున్నావా ఆరోజు? నేను వెయ్యమన్నానా?" అని అడిగాడు. ఆయన వెనక మా ఆయన నిలబడి నన్ను కళ్ళతోనే నొక్కుతున్నాడు. నా తోడికోడలు నా వంక చూసింది. బెంగగా కాదు, నిశ్చింతగా. అక్క ఉందిగా అన్నట్టు చూసింది.

"నేను పొయ్యికాడ ఉన్నా మామయ్యా. నాకు తెలీదు" అన్నాను.

మధ్యాహ్నానికి పాలేళ్ళు సున్నం కలిపారు. ఉలి పెట్టి ఆల్చిప్పలు పెకిలించారు. "ఎదుటోళ్ళ రంగు తెచ్చి నా గుమ్మానికి పూసిందిరా నీ పెళ్ళాం" అని మామగారు అందరి ముందూ మా మరిదిని అన్నాడు. అతను తల వంచుకుని, తనే ఒక కుంచె అందుకుని భార్య వేయించిన సముద్రం మీద సున్నం కొట్టాడు. అది గడపమీద కూర్చుని చివరిదాకా చూసింది. ఏడవలేదు. వల ఒక్కటి చుట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆ ఎన్నికల్లో మామగారు ఓడిపోయాడు. ఓటమికి సవాలక్ష కారణాలు ఉంటాయి, మా ఇంట్లో మాత్రం గోడ ఒక్కటే కారణం. "ఇంట్లోనే ఎదుటి పార్టీ ఉండగా ఇంకేం గెలుస్తాం" అని అన్నం దగ్గర కూడా అనేవాళ్ళు. ఆరు నెలలు విని, వాళ్ళు పేటకు వెళ్ళిపోయారు. పురుగుమందుల కొట్టు పెట్టుకున్నారు. వెళ్ళే రోజు అది నాతో పోట్లాడినా బాగుండేది. పచ్చడి జాడీ మూత సరిగ్గా పెట్టానక్కా, చూసుకో అంది. అంతే.

నున్నటి ప్లాస్టిక్ రంగు మీద సున్నం నిలవదని మాకు తెలియదు. తొలివానకే పెచ్చులు లేచి, అడుగునుంచి నీలం బయటపడింది. మళ్ళీ కొట్టాం. మళ్ళీ లేచింది. ఏటా ఉగాదికి తెలుపు, తొలకరికి నీలం. మామగారు పోయినప్పుడు నా తోడికోడలు వచ్చింది గానీ, గేటు దాటలేదు. వీధిలోనే నిలబడి దణ్ణం పెట్టుకుని వెళ్ళింది. ఆ తరువాత మా ఆయనకు పాత వర్గంతో చెడింది. ఒక పొద్దున అదే వసారాలో, అదే గోడ కింద కుర్చీ వేసుకుని, మెడలో నీలం కండువా కప్పించుకున్నాడు. వచ్చినవాళ్ళకు నేనే టీలు పోశాను. "ఏం వదినా, మీ గోడ అప్పుడే చెప్పిందిగా!" అని ఒకాయన పరాచికమాడితే మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ టీ పళ్ళెం మా ఆయన నెత్తిన ఎందుకు బోర్లించలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నిన్న పనివాళ్ళు గోడ గీకారు. ఇన్నేళ్ళ సున్నం అట్టలు అట్టలుగా ఊడి రాళ్ళమీద పడింది. లోపల నీలం నిన్న వేసినట్టు ఉంది. మూలన కుండీ వెనక, ఉలికి అందని ఆల్చిప్ప ఒకటి అలాగే ఉంది. "అత్తయ్యా, ఎవరో ముందే వేయించారే! భలే అభిరుచి" అంది కోడలు. నేను ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళి పేటకు చేశాను.

"నేను పొయ్యికాడ లేనే ఆరోజు. మామయ్య వెయ్యమనడం విన్నా" అన్నాను.

అవతల కొట్లో ఎవరో మందు డబ్బా అడుగుతున్నారు. వాళ్ళకు ఇచ్చి పంపి, ఫోను మళ్ళీ చెవిన పెట్టుకుంది. "నాకు తెలుసుగా అక్కా, నా పక్కనే నిలబడ్డావుగా. ఇప్పుడు నాకు చెప్తే ఏంది? ఆరోజు గేటు బయట ఉన్నోళ్ళకు చెప్పాల్సిన మాట అది" అంది. పిల్లలు బాగున్నారా అని అడిగి పెట్టేసింది.

గేటు బయట ఆరోజు నవ్వినవాళ్ళలో కొందరు పోయారు, మిగిలినవాళ్ళు ఇప్పుడు మా వసారాలోనే కూర్చుని టీ తాగుతున్నారు, ఎవరికీ ఏ రంగూ గుర్తులేదు. కోడలి నడిసముద్రం రేపు గోడకెక్కుతుంది. నా తప్పు మీద మాత్రం కాలం ఇన్నేళ్ళుగా ఏటేటా సున్నం కొడుతూనే ఉంది, ఒక్క పూతా అంటుకోలేదు.