ఐదో తరగతి అని రాసిన దరఖాస్తు

మా టీ కొట్టులో గాజు గ్లాసులు తీసేసి కాగితం కప్పులు పెట్టారు. సగం తాగేసరికి అడుగు నాని లుంగీ మీద కారుతుంది. ఆ రోజు పొద్దున్న కొట్టతనితో దీని గురించే తగువు పెట్టుకుని ఉండగా, ఒకతను ఆటో ఆపి చెప్పాడు.

“తాతగారండీ, సోషల్ టీచరుగారు పోయేరంటండి. అమలాపురం ఆసుపత్రిలో, ఇందాకే.”

మిగిలిన టీ తాగేసి ఇంటికొచ్చి కోడలికి చెప్పాను. చేతిలో చేట కింద పెట్టి అరుగు మీద కూర్చుంది.

ఆవిడ మా ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. అరిగిపోయిన సుద్దముక్కలు పారెయ్యకుండా పాత పౌడరు డబ్బాలో దాచేవారు. “మొహానికి కూడా ఇదేనాండి?” అని ఓసారి అడిగాను. “మీరు ఆరో తరగతితో ఆపేసి మంచిపని చేసేరు బాబాయిగారండీ. ఇంకో రెండు చదివుంటే మేమెవరం ఊళ్ళో మిగిలేవాళ్ళం కాదు” అన్నారు. ఆవిడతో గెలవడం కష్టం.

ఆవిడ క్లాసులో చాలామంది పిల్లల తల్లులు గల్ఫులో ఉన్నారు. అమ్మ అక్కడ ఏం చేస్తుందో పిల్లలకి తెలియదు. అందుకని తిరిగొచ్చిన ఆడవాళ్ళని శనివారం బడికి పిలిచి, ఆ దేశంవాళ్ళ ఇళ్ళల్లో తిండి, మాట, మర్యాద ఎలా ఉంటాయో పాఠంలా చెప్పించేవారు. పిల్లలు రాసుకునేవారు. కువైట్లో ఓ ఇంట్లో వంట చేసి వచ్చిన మా కోడలిది మొదటి పాఠం. అక్కడ కాఫీ చాలంటే నోటితో చెప్పరట, కప్పు అటూ ఇటూ ఊపాలట. ఊపకపోతే పోస్తూనే ఉంటారట. నేను ఇంట్లో గ్లాసు ఊపి చూశాను. మా ఆవిడ ఇంకా కావాలేమోననుకుని నిండా పోసింది. టీచరుగారికి చెబితే, “ఎదుటివాళ్ళు చాలని ఎలా చెబుతారో తెలీకపోతే మన మర్యాద వాళ్ళకి శిక్షే కదండీ” అన్నారు.

ఇలా వేరే దేశంవాళ్ళ పద్ధతులు నేర్చుకునే పనులకి, వాటి మీద పరిశోధనలకి ఓ సంస్థ అవార్డు ఇస్తుందని ఆవిడకి తెలిసింది. మా కోడలి పాఠాలతో దరఖాస్తు తయారుచేశారు. పాఠం చెప్పిన మనిషి చదువు, సంతకం అందులో ఉండి తీరాలి. అప్పటికే ఆవిడకి ఒంట్లో బాగుండేది కాదు. మర్నాటితో గడువు అయిపోతుందనగా కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

“ఐదో తరగతని రాయాలాండి? నవ్వుతారండి. అక్కడ నేను చేసింది వంట, అంట్లు తోమడం. నా పేరు తీసెయ్యండి” అంది కోడలు.

“తీసేస్తే ఇంక పంపడానికేం లేదమ్మా. నువ్వు అక్కడ చేసింది ఒట్టి పని కాదు, చదువు కూడానని బయటివాళ్ళు ఒక్కరు రాసిస్తే చాలు నాకు. వచ్చే ఏడాదికి నేనుంటానో ఉండనో.”

కోడలు పెన్ను ముట్టుకోలేదు. ఆవిడ కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే కోడలు టీచరుగారింటికి వెళ్ళి సంతకం పెట్టొచ్చింది. ‘ఐదో తరగతి’ అని తనే రాసిందట, గడి పట్టనంత పెద్దగా. దరఖాస్తు వెళ్ళింది. ఫలితం ఇంకా రాలేదు. తర్వాత కనిపించినప్పుడల్లా టీచరుగారు, “నా మాట కాదనలేకపోయింది చూసేరా” అనేవారు. “ఆయ్, మీ మాటేనండి” అనేవాణ్ణి. ఆసుపత్రికి చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా పక్క మంచం ఆవిడతో ఆ సంగతే చెబుతున్నారు.

ఇప్పుడు చెప్పెయ్యొచ్చు. టీచరుగారు గుమ్మం దాటిన కాసేపటికి, పెరట్లో చీపురుకి ఈనెలు తీస్తున్న కోడలి దగ్గరికెళ్ళి, “పోనీలేమ్మా, నీ బదులు మస్కట్ ఆవిడ పేరు రాసుకుంటారంట” అన్నాను. అలాగని ఎవరూ అనలేదు. మస్కట్ నుంచి వచ్చి ఎదురువీధిలో ఉంటున్న ఆవిడకీ, మా కోడలికీ, ఎవరి అరబ్బీ గొప్పదన్న దాని మీద చాన్నాళ్ళుగా పడదు.

“ఆవిడ పేరా మావయ్యగారండీ? ఆవిడ అరబ్బీ సంతలో బేరం దాకానేనండి” అంటూ లేచింది. చెప్పులైనా వేసుకోకుండా కాలవగట్టు మీద వడివడిగా పోతుంటే, చేతిలో ఈనెల కట్ట అలాగే ఉంది.