రైల్వే గోడ పక్కన నడక

మెట్టుగూడలో మా గల్లీ చివర, రైల్వే గోడ వెంబడి ఇప్పుడు తెల్లటి లైట్లున్నాయి. నేను ఇంటర్ చదివే రోజుల్లో అక్కడ ఒకే స్తంభం, దానికి వెలగని బల్బు ఉండేవి. పొద్దుగూకితే ఆపిన బైకుల మీద కొందరు కూర్చుని, వెళ్లే ఆడపిల్లల్ని ఏదో ఒకటి అనేవాళ్లు. పుస్తకాలు గుండెకు అదుముకుని దాటేదాన్ని. ఇంట్లో చెప్పలేదు. చెబితే సాయంత్రం లైబ్రరీ మానేయమంటారు. నాకు ఇష్టంగా వెళ్లే చోటు అదొక్కటే.

అప్పుడే మా బస్తీ కోసమని ఒక పోలీసు బృందాన్ని పెట్టారు. ఆదివారం సాయంత్రం అందరితో మాట్లాడతామన్నారు. చర్చి నుంచి కుర్చీలు తెచ్చి వరుసగా వేశాం. పక్కింటి అంకుల్ ఉపన్యాసం సిద్ధం చేసుకొచ్చారు.

వచ్చిన మహిళా కానిస్టేబుల్ ఆ కుర్చీలు చూసి నవ్వింది. "పెళ్లిచూపులా ఏంది? లేవుండ్రి. రోజూ మీరు నడిచే తొవ్వ నాకు సుత జెర చూపియ్యుండ్రి."

"మరి నా స్పీచ్?" అన్నారు అంకుల్.

"నడుసుకుంట చెప్పుండ్రి సార్, తాగిన చాయ్ అరుగుతది."

ఎవరికి భయమేసే చోట వాళ్లు ఆగి చెప్పాలి. అదీ ఆమె పద్ధతి. ఒకామె మూత లేని మ్యాన్‌హోల్ దగ్గర ఆగింది, ఇంకొకాయన కుక్కలుండే మలుపులో. రైల్వే గోడ దగ్గర నేను ఆగలేదు. పక్కన అమ్మ ఉంది.

"ఏందమ్మా, గీడికి రాంగనే ఉరుకుతున్నవ్?" అంది కానిస్టేబుల్.

చూసుకుంటే అందరికంటే ముందున్నాను. చున్నీ కొస నా పిడికిట్లో ఉంది. ఆ రోజు అక్కడ బైకుల వాళ్లెవరూ లేరు కూడా. సాయంత్రాలు ఇక్కడ బైకులు ఆగుతాయని వెనకనుంచి ఎవరో అన్నారు. అమ్మకు అర్థమైంది.

"రేపట్నుంచి లైబ్రరీకి వద్దులే," అంది మెల్లగా.

"అక్కా, బిడ్డనెందుకు బంద్ చేస్తవ్? గా బైకులను బంద్ చేద్దాం."

కొన్నాళ్లకు బల్బు వెలిగింది. సాయంత్రాలు బృందంలో ఎవరో ఒకరు అటు తిరిగేవారు. కానిస్టేబుల్ అడిగిందని ఇస్త్రీ చేసే ఆంటీ తన బండిని ఆ స్తంభం కిందికి మార్చుకుంది. "ఇయ్యాల లావు పుస్తకం దొరికిందా పాపా?" అని పలకరించేది. అంకుల్ ఆమెకు తన ఉపన్యాసం వినిపిస్తుండేవారు. బైకులు ఆగడం మానేశాయి.

ఆ కానిస్టేబుల్ ఎప్పుడో బదిలీ మీద వెళ్లిపోయింది. ఇస్త్రీ బండీ లేదు. ఆ మలుపు తిరిగితే మాత్రం కాలిన బొగ్గుల వాసన వస్తున్నట్టే ఉంటుంది.

బల్బు వెలిగిన మొదటి సాయంత్రం నేను లైబ్రరీ నుంచి నిదానంగా నడిచి, చీకటి పడ్డాక ఇల్లు చేరాను. అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది.

"ఏం పుస్తకం తెచ్చావ్?" అని మాత్రమే అడిగింది.