కన్నదాని పేరు

అండమాన్‌లోని గరాచర్మ బస్టాపులో ఎవరి వెనక నుంచి వెళ్ళినా గవిరయ్య నాలికతో టక్కుమనిపిస్తాడు. ఆడవాళ్ళు "క్యా హై?" అని కసురుకుంటారు. అలికిడి లేకుండా వెనక నుంచి వెళితే గుర్రం తంతుందని వాళ్ళకేం తెలుసు? మెయిన్‌లాండ్‌లో పందెపు గుర్రాలను పుట్టించే ఫారంలో అతని వయసంతా గడిచింది. ఇప్పుడది ఇళ్ళ స్థలాలైపోయింది. దాని చరిత్ర ఎవరడిగినా రాణి, రాణి కూతురు బిజిలీ, బిజిలీ కూతురు చమేలీ అంటూ తల్లుల వరస మొదలెడతాడు. "పందెం గెలిచిందేది భయ్యా?" అని మధ్యలోనే అడ్డుపడతారు.

నిన్న ఇంటికొచ్చి రుసరుసలాడాడు. "గెలిచినదాన్నే అడుగుతారు. కన్నదాన్ని ఒక్కడూ అడగడేటి?"

చేపలు తోముతున్న కూతురు సుచరిత తలెత్తలేదు. "మీ అమ్మని కన్నామె పేరేటి నాన్నా?"

గవిరయ్య వేళ్ళ మీద అమ్మ, అమ్మమ్మ అని లెక్కపెట్టాడు; రెండో వేలికి పేరు దొరకలేదు. విసురుగా లేచి, కూతురి వెనక నుంచి ఏ చప్పుడూ చెయ్యకుండా వెళ్ళిపోయాడు.